దెబ్బకు నిలిచే వైస్: పనుల చిట్టా నుంచి బల్లకు బిగించేదాకా

ట్రాక్టర్లు, రోటవేటర్లు, బోరు మోటార్లు బాగుచేసే షెడ్డు ఏదైనా గమనించండి. వెల్డింగ్ సెట్టు కాసేపు పనిచేసి ఆగుతుంది. డ్రిల్లింగ్ మెషీను దగ్గరికి అవసరం పడ్డప్పుడే వెళ్తారు. వైస్ మాత్రం షట్టరెత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఏదో ఒకటి పట్టుకునే ఉంటుంది. బ్లేడుకు పదును పెట్టాలన్నా, షాఫ్టు కోయాలన్నా, తుప్పు పట్టిన నట్టు ఊడదీయాలన్నా, బేరింగు నొక్కి కూర్చోబెట్టాలన్నా ముందు ఆ వస్తువు కదలకుండా నిలవాలి. ఇంత పని చేసేదాన్ని షెడ్డు పెట్టేవాళ్లు అన్నీ కొన్నాక మిగిలిన డబ్బుతో చివర్లో కొంటారు. కొట్లో అడిగేది కూడా ఒక్క మాటే: "ఆరంగుళాలది ఒకటి ఇవ్వండి."

అంగుళాలు చెప్పేది దవడ వెడల్పు ఒక్కటే. ఆ వైస్‌ను ఏ లోహంతో పోశారో, లోపలి మర ఎలాంటిదో, సుత్తి దెబ్బ పడితే ఏమవుతుందో ఆ అంకెలో లేదు. బరువు పనుల షెడ్డుకు వైస్ ఎంచుకునేటప్పుడు అంగుళాల కన్నా ముందు చూడవలసింది అది తినబోయే దెబ్బ. ఆ తర్వాత లోహం, మర, కింద ఉండే బల్ల. పల్లెటూరి మరమ్మతు షెడ్డునే ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఒకే వైస్ మీద ఇన్ని రకాల మోటు పనులు పడే చోటు మరొకటి అరుదు.

పనుల చిట్టా

కొట్టుకు వెళ్లే ముందు ఓ కాగితం తీసుకుని, మీ దగ్గరికి వచ్చే పనుల్లో వైస్ ఎక్కేవన్నీ రాయండి. ప్రతి పని పక్కన అది వైస్‌ను ఏం చేస్తుందో రాయండి. వైస్ మీద పడే బలాలు మూడే: నొక్కుడు, మెలి, దెబ్బ.

ఆకురాయి పట్టడం, హాక్సాతో కోయడం, గ్రైండరుతో రోటవేటరు బ్లేడు అంచు సరిచేయడం లాంటివి తేలిక పనులు. వైస్ గట్టిగా పట్టుకుంటే చాలు. ట్రాక్టరు పి.టి.ఓ. నుంచి రోటవేటరుకు తిప్పుడు అందించే షాఫ్టు జాయింట్లలో క్రాస్ మార్చడం నొక్కుడు పని. బేరింగు కప్పును వైస్ దవడలతోనే నొక్కి ఒక వైపు నుంచి బయటికి నెట్టాలి. బోరు మోటారు పైకి తీసినప్పుడు బిగుసుకుపోయిన జి.ఐ. పైపు కప్లింగులు ఊడదీయడం మెలి పని. వంగిన కమాను పట్టీని, గొర్రు కాలును, నాగటి కర్రును సాపు చేయడం దెబ్బ పని. నొక్కుడును ఏ వైస్ అయినా కొంతవరకు భరిస్తుంది. మెలి తిప్పినప్పుడు బల్ల బలం బయటపడుతుంది. లోహం గుట్టు విప్పేది దెబ్బ.

చిట్టాలో సమ్మెట పనులు రోజూ కనిపిస్తే బెంచ్ వైస్ ఒక్కదాని మీద ఆధారపడకండి. కొలిమి పక్కన కమ్మరులు వాడే లెగ్ వైస్ ఆ పని కోసమే పుట్టింది. దాని వెనక కాలు నేలదాకా దిగి ఉంటుంది. దవడ మీద పడ్డ దెబ్బ ఆ కాలి గుండా నేలకు దిగిపోతుంది, బల్ల మీద పడదు. అయితే దాని ముందు దవడ కింద ఒక కీలు మీద తిరుగుతుంది కాబట్టి తెరిచే దూరం మారే కొద్దీ రెండు దవడలూ సమాంతరంగా ఉండవు. సన్నని ఆకురాయి పనికి, నొక్కుడు పనికి అది తగదు. అందుకే రెండూ ఉంచుకోవాలి. కాల్చిన ఇనుముకూ సమ్మెటకూ లెగ్ వైస్, మిగతా అన్నిటికీ బెంచ్ వైస్. పైపు పని ఎక్కువుంటే మూడోది కూడా కావాలి. చదునైన దవడల మధ్య పైపును గట్టిగా బిగిస్తే అది కోడిగుడ్డు ఆకారంలోకి నొక్కుకుపోతుంది. పైపు వైస్ దవడలు వి ఆకారంలో పళ్లతో ఉంటాయి కాబట్టి తక్కువ నొక్కుడుతోనే పైపు తిరగకుండా ఆగుతుంది. భారతీయ ప్రమాణాలు కూడా వీటిని వేర్వేరుగానే చూస్తాయి: బెంచ్ వైస్‌కు ఐ.ఎస్. 2586, పైపు వైస్‌కు 2587, కమ్మరి వైస్‌కు 2588.

దవడ వెడల్పు కన్నా తెరుచుకునే దూరం

కొట్లో 75, 100, 125, 150, 200 మిల్లీమీటర్ల దవడలతో వైసులు దొరుకుతాయి. వాడుకలో మూడు నుంచి ఎనిమిది అంగుళాలు. ట్రాక్టరు పనికి 125 కన్నా చిన్నది పనికిరాదు. 150తో చాలావరకు గడుస్తుంది. కానీ ఎంపికను తేల్చేది వెడల్పు కాదు, వైస్ పూర్తిగా ఎంత తెరుచుకుంటుందన్నది.

క్రాస్ మార్చే పనినే తీసుకోండి. క్రాస్ కూర్చునే యోక్ వెడల్పు 90 మిల్లీమీటర్లు అనుకుందాం. కప్పును లోపలికి నెట్టడానికి ఒక వైపు చిన్న సాకెట్టు, అవతలి వైపు బయటికొచ్చే కప్పుకు చోటిచ్చే పెద్ద సాకెట్టు పెట్టాలి. ఒక్కోటి 40 మిల్లీమీటర్లు. మొత్తం 170 అయింది. సాధారణంగా వైస్ తెరుచుకునే దూరం దవడ వెడల్పుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. అంటే ఆరంగుళాల వైసుల్లో కొన్నిట్లో ఈ పని పడుతుంది, కొన్నిట్లో పట్టదు. అందుకే టేపు జేబులో పెట్టుకుని వెళ్లి, దవడలు పూర్తిగా తెరిచి కొలవండి. అలా కొలిచేటప్పుడు ముందు దవడను మోసే స్లైడు ఇంకా ఎంత లోపలే మిగిలి ఉందో కూడా చూడండి. నామమాత్రంగా ఇంచీ మిగిలి, మిగతాదంతా బయటికి వేలాడుతుంటే ఆ దూరం దగ్గర బలంగా నొక్కడం కుదరదు.

దవడ పై అంచు నుంచి కింద స్లైడు వరకు ఉన్న లోతు కూడా కొలవండి. రెండంగుళాల జి.ఐ. పైపు బయటి వ్యాసం సుమారు 60 మిల్లీమీటర్లు, రెండున్నర అంగుళాలది 76. ఆ లోతు చాలకపోతే పైపు దవడల పై అంచులోనే పట్టుకోవాల్సి వస్తుంది. అప్పుడు పట్టు జారుతుంది.

ఇంతా చెప్పాక నా మాట: ట్రాక్టరు, బోరు పనులు రెండూ చేసే షెడ్డుకు 200 మిల్లీమీటర్ల నాసి వైస్ కన్నా 150 మిల్లీమీటర్ల మంచి వైస్ మేలు. డబ్బు సరిపోతే 200 మంచిదే తీసుకోండి. సరిపోకపోతే అంగుళాలు తగ్గించుకోండి, లోహం తగ్గించుకోకండి.

లోహం

మన బజారులో చవకగా దొరికే వైసులన్నీ దాదాపుగా బీడు పోతలే. బీడులో కార్బన్ చాలావరకు గ్రాఫైట్ రేకులుగా విడివడి ఉంటుంది. ఉక్కు కన్నా మెత్తనైన ఆ రేకులు లోహం నిండా చిన్న చిన్న చీలికల్లా పరుచుకుని ఉంటాయి. నొక్కితే ఆ చీలికలు మూసుకుంటాయి కాబట్టి బీడు నొక్కుడును బాగా తట్టుకుంటుంది. సాగదీస్తే ఒక రేకు కొస నుంచి పగులు మొదలై, పక్క రేకుకు, అక్కణ్నుంచి ఇంకో రేకుకు పాకి ఒక్కసారిగా విరుగుతుంది. వంగి హెచ్చరించడం ఉండదు. వైస్ బిగించినప్పుడు దవడల మధ్యనున్న వస్తువు నలుగుతుంది గానీ, వైస్ దవడ మెడ మాత్రం వెనక్కి వంగే ప్రయత్నంలో ఒక వైపు సాగుతుంది. పగిలిన వైసుల్లో చాలావాటికి విరిగిన చోటు ఆ మెడ దగ్గరో, స్లైడు దూరే చోటో, కింద బోల్టు చెవుల దగ్గరో ఉండటానికి కారణం ఇదే.

1940లలో పోత పరిశ్రమలో పెద్ద మలుపు వచ్చింది. కరిగిన ఇనుములో కొద్దిగా మెగ్నీషియం కలిపితే గ్రాఫైట్ రేకులుగా కాకుండా గుండ్రని గింజలుగా గడ్డకడుతుందని కనిపెట్టారు. గింజకు కొస ఉండదు కాబట్టి పగులు అక్కణ్నుంచి అంత తేలిగ్గా పుట్టదు. ఇదే ఎస్.జి. ఐరన్. ఇంకో పేరు డక్టైల్ ఐరన్. గ్రేడు అంకెలు చదవడం తెలిస్తే తేడా తెలిసిపోతుంది. ఎఫ్.జి. 200 అన్న బీడు చదరపు మిల్లీమీటరుకు 200 న్యూటన్ల లాగుడు వరకు నిలుస్తుంది. ఎస్.జి. 500/7 అంటే 500 న్యూటన్ల దాకా నిలిచి, విరిగే ముందు 7 శాతం సాగుతుంది. బలం రెండున్నర రెట్లు. నాకు అంతకన్నా ముఖ్యమనిపించేది ఆ 7. సుత్తి దెబ్బ శక్తిని లోహం ఎక్కడో ఇముడ్చుకోవాలి. కాస్తయినా సాగే లోహానికే అది చేతనవుతుంది.

బీడును తీసిపారేయాల్సిన పని లేదు. ఆ గ్రాఫైట్ రేకులే ప్రకంపనలను మింగేస్తాయి. లేతు మెషీన్ల పడకలు ఇప్పటికీ బీడుతోనే పోయడానికి కారణం అదే. దెబ్బ లేకుండా ఆకురాయి, హాక్సా పనులే చేసేవాళ్లకు మంచి బీడు వైస్ ఏళ్ల తరబడి సరిపోతుంది. ఐ.టి.ఐ.లో ఫిట్టరు విద్యార్థులు ఆకురాయి పట్టడం నేర్చుకునే వరసల్లో బీడు వైసులు నిక్షేపంగా పనిచేస్తున్నాయి. సుత్తి తగిలే షెడ్డుకు మాత్రం ఎస్.జి. ఐరనే కావాలి, లేదా ఉక్కు పోత. వీటికి పైమెట్టున సాగగొట్టిన ఉక్కు వైసులున్నాయి. జర్మనీలో తయారయ్యే హాయర్ వైసులు అలాంటివే. మన షెడ్డుకు అంత ఖర్చు అక్కర్లేదనే నా అభిప్రాయం.

కొట్లో ఏది ఏదో ఎలా గుర్తించాలి? ముందు పెట్టె మీద, కరపత్రంలో, పోత మీద ఏం రాసి ఉందో చూడండి. నిజంగా ఎస్.జి. ఐరన్ వాడినవాళ్లు ఆ మాట దాచుకోరు. "విరగదు" అని మాత్రమే రాసి లోహం పేరు చెప్పకపోతే అడగండి. తర్వాత చిన్న సుత్తితో ముందు దవడ మీద తట్టి వినండి. అంతకు ముందు దవడలు కాస్త తెరిచి, లోపల ఏ వస్తువూ లేకుండా చూసుకోండి. బీడు మొద్దుగా మోగి వెంటనే ఆగిపోతుంది. ఎస్.జి. ఐరన్, ఉక్కు గంటకు దగ్గరగా, సాగే శబ్దం చేస్తాయి. ఒకే కొలత వైసులు రెండు పక్కపక్కన పెట్టి తడితే ఈ తేడా కొత్తవాళ్లకైనా వినిపిస్తుంది. మూడోది తూకం. ఒకే అంగుళాలున్న రెండు వైసులను కాటా మీద పెట్టించండి. ఒకదానికొకటి ఐదారు కిలోలు తేడా ఉంటే, తేలిక దానిలో గోడలు ఎక్కడ పలచబడ్డాయో తిరగేసి చూడండి.

మర, నట్టు, పిడి

దవడను జరిపే స్పిండిల్ మర మామూలు బోల్టుకుండే వి ఆకారపు మర కాకూడదు. చదరపు మర గానీ, కాస్త వాలు గోడలున్న ట్రాపెజాయిడల్ మర గానీ ఉండాలి. వి మరలో బలం కొంత పక్కలకు పోయి రాపిడి పెరుగుతుంది, పళ్లు తొందరగా అరుగుతాయి. ముందు దవడను పూర్తిగా బయటికి లాగించి మరను వేలితో తడమండి. పళ్లు సాఫుగా, ఒకే మందంతో ఉండాలి. నట్టు వైస్ ఒంటిలోనే మర తీసి చేసిందా, విడిగా బిగించిందా అడగండి. విడిగా ఉన్నదే మంచిది. అరిగేది ఎప్పటికైనా నట్టే. విడిగా ఉంటే దాన్ని మార్చి వైస్‌ను మళ్లీ కొత్తదాన్ని చేసుకోవచ్చు.

ఈ మర ఎంత బలం పుట్టిస్తుందో లెక్క వేసి చూస్తే వైసులు ఎందుకు విరుగుతాయో అర్థమవుతుంది. స్పిండిల్ ఒక చుట్టు తిరిగితే దవడ 6 మిల్లీమీటర్లు జరుగుతుందనుకుందాం. పిడిని మధ్య నుంచి 200 మిల్లీమీటర్ల దూరంలో పట్టుకుని 30 కిలోల బలంతో తిప్పాం. చెయ్యి ఒక చుట్టులో తిరిగే దూరం 1,257 మిల్లీమీటర్లు. అంటే బలం 209 రెట్లు పెరిగి 6,280 కిలోలు కావాలి. ఇలాంటి మరలో ఎక్కువ భాగం రాపిడికే పోతుంది. ఆరో వంతు మిగిలిందనుకున్నా దవడల మధ్య టన్ను బలం ఉన్నట్టే. మనిషి చేతికి అది చాలు. ఇప్పుడు ఆ పిడికి మీటరు పైపు తొడిగి అదే 30 కిలోలతో తిప్పండి. ఐదు టన్నులు. ఆరంగుళాల బీడు వైస్ మెడను విరవడానికి సమ్మెట అక్కర్లేదు, ఈ పైపు ముక్క చాలు.

మంచి తయారీదారు పిడిని కావాలనే మెత్తని ఉక్కుతో చేస్తాడు. బలం మితిమీరితే వైస్ విరిగే ముందు పిడి వంగాలని. వంగిన పిడి కనిపిస్తే దాన్ని సాపు చేసి మళ్లీ వాడండి గానీ, దాని స్థానంలో గట్టి ఉక్కు కడ్డీ పెట్టకండి.

మర మీద రజను పడకుండా ఏ ఏర్పాటు ఉందో కూడా చూడాలి. చాలా వైసుల్లో స్పిండిల్ కింది వైపు తెరిచి ఉంటుంది. ఆకురాయి రజను, గ్రైండరు బూడిద గ్రీజుతో కలిసి సానపెట్టే పేస్టులా తయారవుతుంది. 1941లో షికాగోలో మొదలైన విల్టన్ సంస్థ మరను పూర్తిగా గుండ్రని గొట్టంలో మూసేసి పేరు తెచ్చుకుంది. ఆ ఆకారానికి దగ్గరగా ఉండే వైసులు మన దగ్గర కూడా తయారవుతున్నాయి. అది దొరక్కపోతే స్లైడు పై భాగమైనా మూసి ఉన్నదాన్ని ఎంచుకోండి.

కొట్లోనే చేయాల్సిన పరీక్షలు

హైదరాబాదు వైపు వాళ్లకు సికింద్రాబాదు రాణిగంజ్, కృష్ణా గుంటూరు వైపు వాళ్లకు విజయవాడ ఆటోనగర్ ఈ సామానుకు పెద్ద బజార్లు. కొట్లలో కనిపించే వైసుల్లో చాలావరకు పంజాబులోని జలంధర్, లుధియానాల నుంచి, గుజరాతులోని రాజ్‌కోట్ నుంచి వస్తాయి. అక్కడ దిగుమతి పేరు మీద మోజు పడనక్కర్లేదు. దిగుమతైన వాటిలోనూ పలచని బీడు ఉంటుంది. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదైతే మంచిది. ఏ పేరున్నా సరే కింది పరీక్షలు తప్పకుండా చేయండి. తయారీ ఒకటే అయినా ముక్క ముక్కకూ తేడా ఉంటుంది.

దవడలు దగ్గరికి తెచ్చి, వాటి వెనక వెలుతురు పడేలా చూడండి. సన్నని గీత ఒకే మందంతో కనిపించాలి. ఒక చివర వెడల్పుగా, ఇంకో చివర మూసుకుని ఉంటే పక్కన పెట్టండి. తర్వాత రెండు కాగితం ముక్కలను దవడ రెండు చివర్లలో, పై అంచు దగ్గర పెట్టి మెల్లగా బిగించండి. రెండూ ఒకేసారి బిగుసుకోవాలి. పైన వదులుగా ఉండి కింద మాత్రం పట్టుకుంటే ముందు దవడ బిగింపుకు పైకి లేస్తోందన్నమాట. స్లైడు వదులు ఎక్కువగా ఉంటే ఇలా అవుతుంది. దవడలను సగం తెరిచి ముందు దాన్ని రెండు చేతులతో పట్టుకుని పక్కలకూ పైకీ ఊపి చూడండి. కొద్దిపాటి ఆట మామూలే. టకటకమని కొట్టుకుంటే తీసుకోకండి. తర్వాత పిడిని వెనక్కి తిప్పి, దవడ కదలక ముందు పిడి ఎంత ఖాళీగా తిరుగుతుందో చూడండి. కొత్తదానిలో అది చుట్టులో చిన్న భాగానికి మించకూడదు.

దవడల ముఖానికి బిగించే ఉక్కు పలకలు విడిగా ఊడదీసేవి కావాలి. వాటి మూలన చిన్న ఆకురాయితో ఒక్కసారి గీసి చూస్తానని అడగండి. గట్టిపరిచిన ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది. కొరికితే పలకలు మెత్తనివి. అవి ఏడాది తిరక్కుండానే నున్నబడిపోతాయి. పలకల స్క్రూలు మామూలు కొలతవేనా అని కూడా చూడండి. రేపు స్క్రూ పోతే మీ ఊళ్లో దొరకాలి.

తిరిగే అడుగున్న వైస్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మన పనికి స్థిరమైన అడుగే మేలంటాను. తిరిగే దానిలో పై భాగానికీ అడుగుకూ మధ్య అదనపు అతుకు ఉంటుంది. మెలి, దెబ్బ రెండూ ఆ అతుకు మీద, దాన్ని పట్టుకునే రెండు బోల్టుల మీద పడతాయి. పొడుగాటి రాడ్లు గోడకు తగిలి ఇబ్బంది పడే ఇరుకు షెడ్డు అయితే తప్ప దాని జోలికి వెళ్లకండి. వెనక ఉండే చిన్న చదును భాగాన్ని దాగలిలా వాడొచ్చని అమ్మేవాళ్లు చెబుతారు. రేకు మడవడానికి, రివిట్టు తట్టడానికి సరే. బీడు వైస్ అయితే దాని మీద పెద్ద సుత్తి ఎత్తకండి.

పాతది కొనాలనుకుంటే

మూతపడ్డ ఫ్యాక్టరీల సామాను పాత ఇనుము కొట్లకు చేరినప్పుడు అందులో అద్భుతమైన వైసులు ఉంటాయి. నాసిరకం కొత్తదానికి పెట్టే డబ్బుకు దానికి రెండింతల బరువున్న పాతది రావచ్చు. ఇక్కడ చూడాల్సింది పగులు. కొత్తగా రంగు వేసి ఉంటే అనుమానించండి. రంగు కింద పుట్టీ, పుట్టీ కింద వెల్డింగు ఉండవచ్చు. బీడును అతికించడం సాధ్యమే కానీ, ఆ అతుకు మీద బరువు పని చేయడం ప్రమాదం.

సన్న పగులు కళ్లకు కనబడదు. దానికి పాత కాలపు పరీక్ష ఒకటుంది. రైల్వే వర్క్‌షాపుల్లో ఇంజను భాగాలకు ఒకప్పుడు ఇలాగే చేసేవారు. మెడ దగ్గర, స్లైడు దూరే చోట, బోల్టు చెవుల దగ్గర రంగు గీకి, కిరసనాయిలు పూసి అరగంట వదిలేయండి. కిరసనాయిలు దొరక్కపోతే డీజిలైనా సరే. ఆ తర్వాత గుడ్డతో పొడిగా తుడిచేసి సుద్దపొడి పలచగా రుద్దండి. సుత్తితో నాలుగు సార్లు తట్టండి. పగులు ఉంటే లోపలికి ఇంకిన నూనె తిరిగి ఊరి తెల్లని సుద్ద మీద సన్నని తడి గీతగా కనిపిస్తుంది. అమ్మేవాడు ఒప్పుకోకపోతే బేరం అక్కడితో ఆపేయండి. దవడ పలకలు లేకపోవడం, పిడి వంగి ఉండటం, తుప్పు మాత్రం పెద్ద లోపాలు కావు. వాటిని చూపించి ధర తగ్గించమని అడగవచ్చు.

బల్ల

మంచి వైస్‌ను ఊగే బల్ల మీద బిగిస్తే పెట్టిన డబ్బంతా వృథా. దెబ్బ శక్తి వస్తువుకు చేరకుండా బల్ల ఊపులో పోతుంది. పైపు రెంచీని కిందికి నొక్కితే బల్ల ముందుకు ఒరుగుతుంది. ఎంత బరువు బల్ల కావాలో చిన్న లెక్క చెబుతాను. మీటరు పొడవు రెంచీ చివర 40 కిలోల బలం పెట్టారు. వైస్ బల్ల ముందు అంచున, ముందు కాళ్లకు సరిగ్గా పైన ఉంది. బల్ల లోతు 60 సెంటీమీటర్లు, దాని బరువు మధ్యన ఉందనుకుంటే ముందు కాళ్ల నుంచి 30 సెంటీమీటర్ల వెనక పనిచేస్తుంది. ఒరగకుండా ఉండాలంటే బల్ల కనీసం 133 కిలోలు తూగాలి.

ఇది సాధ్యమైన బరువే. 1.5 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల లోతు, 12 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పలక ఒక్కటే 85 కిలోలు. 65 మిల్లీమీటర్ల యాంగిల్‌తో కాళ్లూ అడ్డాలూ కలిపి పది మీటర్లు వేస్తే మరో 58. కాళ్ల కింద చదును పలకలు వెల్డింగ్ చేసి, కాంక్రీటు నేలకు యాంకరు బోల్టులతో బిగించేస్తే ఇక ఆ దిగులే ఉండదు. చెక్క బల్ల ఇష్టమైతే తుమ్మ గానీ నల్లమద్ది గానీ మూడంగుళాల మందానికి తగ్గకుండా వేయించండి. బళ్ల చక్రాలకు తుమ్మను వాడింది దాని గట్టిదనం చూసే.

ఎత్తు గురించి శ్రద్ధ తీసుకోండి, ఎందుకంటే దాని ఫలితం రోజంతా పనిచేసే మనిషి నడుము మీద పడుతుంది. నిటారుగా నిలబడి చేతిని మోచేతి దగ్గర మడిస్తే మోచేయి ఎంత ఎత్తులో ఉంటుందో వైస్ దవడల పై అంచు అంత ఎత్తులో ఉండాలి. 165 సెంటీమీటర్ల మనిషికి అది సుమారు 104 సెంటీమీటర్లు. వైస్ ఎత్తు 20 ఉంటే బల్ల ఎత్తు 84 చాలు. చాలా షెడ్లలో అలవాటుగా 90 సెంటీమీటర్ల బల్ల చేయించి దాని మీద వైస్ పెడతారు. అప్పుడు దవడలు 110కి చేరి, ఆకురాయి పట్టేవాడు భుజాలు ఎత్తి పనిచేయాల్సి వస్తుంది. అందుకే వైస్ కొన్నాకే బల్ల చేయించండి. సుత్తి పని ఎక్కువైతే నాలుగైదు సెంటీమీటర్లు తగ్గించుకోవచ్చు.

వైస్‌ను బల్ల మధ్యలో పెట్టకండి. కాలికి సరిగ్గా పైన పెట్టండి. స్థిరంగా ఉండే వెనక దవడ ముఖం బల్ల అంచు కన్నా కాస్త బయటికి వచ్చేలా చూడండి. అప్పుడే పొడుగు షాఫ్టును నిలువుగా పట్టించినా బల్లకు తగలకుండా కిందికి దిగుతుంది. మీ చేతి వాటాన్ని బట్టి, హాక్సాతో కోసినప్పుడు తెగిన ముక్క బల్ల అవతల పడే వైపు కాలిని ఎంచుకోండి.

బిగించే ముందు వైస్‌ను బల్ల మీద ఉత్తినే పెట్టి నాలుగు చెవుల కిందా కాగితం దూర్చి చూడండి. మూడు ఆనుకుని నాలుగోది తేలుతుంటే ఆ ఖాళీలో సరిపడా రేకు ముక్క పెట్టండి. అలా చేయకుండా బోల్టు బిగిస్తే మొదటి పని రాకముందే చెవి పగులుతుంది. రంధ్రాల్లో పట్టే అతి పెద్ద కొలత బోల్టులనే వాడండి, 8.8 గ్రేడువి. చెక్కకు వాడే స్క్రూలు వద్దు. బోల్టు బల్ల గుండా కిందికి దిగాలి, కింద పెద్ద వాషరు లేదా ఇనుప పట్టీ ఉండాలి, ఆపై నట్టు, దాని మీద మరో నట్టు. నాలుగింటినీ ఎదురెదురు మూలల క్రమంలో కొద్దికొద్దిగా బిగించండి.

మొదటి పని పట్టించాక

కొత్త వైస్ స్లైడు మీద, మర మీద పోత ఇసుక, రంగు పెళ్లలు మిగిలి ఉండవచ్చు. ముందు దవడను పూర్తిగా బయటికి తీసి డీజిలుతో కడిగి తుడవండి. స్లైడుకు ఆయిలు, మరకు, పిడి వెనక ఆనుకునే కాలరుకు గ్రీజు రాయండి. బోరు షాఫ్టులు, ఇత్తడి బుష్షులు లాంటి సాఫు చేసిన వస్తువులు పట్టించడానికి రాగి రేకుతో గానీ అల్యూమినియం యాంగిల్‌తో గానీ మెత్తని దవడ తొడుగులు ఒక జత అప్పుడే చేసి పెట్టుకోండి. అవి చేతికందేలా ఉంటేనే వాడతారు.

కుర్రవాళ్లకు మొదటి రోజే మూడు మాటలు చెప్పండి. పిడికి పైపు తొడగకూడదు, పిడి మీద సుత్తితో కొట్టకూడదు. దెబ్బ కొట్టాల్సి వస్తే ముందు దవడ వైపు కాకుండా స్థిరంగా ఉన్న వెనక దవడ వైపు పడేలా కొట్టాలి. ముందు దవడ మీద పడిన దెబ్బ మరనూ నట్టునూ తింటుంది. వెనక దవడ మీద పడినది ఒంటి గుండా బల్లకు పోతుంది. ఇంకా, వస్తువును ఒక చివర మాత్రమే పట్టించాల్సినప్పుడు రెండో చివర అదే మందం ఉన్న ముక్క పెట్టి బిగించాలి. లేకపోతే ముందు దవడ పక్కకు తిరిగి స్లైడు గోడలు అరుగుతాయి.

సాయంత్రం రజను బ్రష్షుతో ఊడ్చి, దవడలు ఒకదానికొకటి తగలకుండా సన్నని ఖాళీ వదిలి, పిడిని నిలువుగా దించి ఉంచండి. అడ్డంగా ఉన్న పిడి నడిచేవాళ్ల తొడకు తగులుతుంది. బిగించిన వారం తర్వాత నాలుగు బోల్టులనూ మళ్లీ ఒకసారి బిగించండి. చెక్క బల్ల అయితే వాషర్లు చెక్కలోకి కొంచెం దిగి ఉంటాయి కాబట్టి నెల తర్వాత ఇంకోసారి చూడాలి. రెండు మూడు నెలలకోసారి దవడను బయటికి తీసి పాత గ్రీజు తుడిచి కొత్తది రాయండి. అప్పుడే నట్టు వదులు, పలకల స్క్రూలు కూడా చూసుకోండి.